రెండు బీరువాలు

మా ఆఫీసులో రెండు ఇనప బీరువాలు ఉండేవి. ఒకటి ఆకుపచ్చది, ఇంకొకటి బూడిద రంగుది. ఆకుపచ్చ బీరువాలో సంస్థ సొంత డబ్బుతో కొన్న షేర్ పత్రాలు, బూడిద రంగు దానిలో ఖాతాదారుల పత్రాలు. ఆ రెండింటి తాళాలు ఒకే గుత్తిలో ఉండకూడదు. మొదటిది యజమాని జేబులో ఉండేది, రెండోది నా దగ్గర. మేమంతా ఆయనను పెద్దాయన అని పిలిచేవాళ్లం. 1993 జనవరిలో హైదరాబాద్ ఆబిడ్స్‌లో, ఒక మేడ మీది ఆ ఆఫీసులో డెలివరీ గుమాస్తాగా చేరిన రోజు ఆయన నాకు పని చెప్పక ముందే తాళం చేతికిచ్చి, "అమ్మా, ఇందులో ఉన్నది మనది కాదు. మనకు ఎంత అవసరం వచ్చినా ఇందులో ఏమీ లేదనే అనుకోవాలి" అన్నారు.

పాతికేళ్ల తర్వాత సంస్థ తన స్టాక్ ఎక్స్ఛేంజీ సభ్యత్వాన్ని వదులుకున్నప్పుడు ఆ బీరువాను ఖాళీ చేసింది కూడా నేనే. ఇప్పుడు ఫోనులో వేలు కదిపి షేర్లు కొంటున్న పిల్లలకు వెనక ఇంత కథ ఉందని తెలియదు. ఒక చిన్న బ్రోకర్ సంస్థ ఎలా పెరిగిందో, ఎందుకు తగ్గిందో లోపల కూర్చుని చూసినదాన్ని కాబట్టి రాస్తున్నాను.

నేను చేరేనాటికి బొంబాయి షేర్ బ్రోకర్ హర్షద్ మెహతా కుంభకోణం బయటపడి తొమ్మిది నెలలైంది. 1992 ఏప్రిల్‌లో బొంబాయి షేర్ల సూచీ సెన్సెక్స్ 4,467 దాకా ఎక్కి పడిపోయింది. ఆ ఊపులో కొన్న షేర్లకు పత్రాలు ఇంకా రాని ఖాతాదారులు మా మెట్ల మీద కూర్చుని ఉండేవారు. పత్రం ఎందుకు రాదో వాళ్లకు నచ్చజెప్పడమే నా మొదటి ఉద్యోగం.

అప్పటి పద్ధతి ఇది. కాజీపేట నుంచి ఒక ఖాతాదారు ఫోను చేసి వంద షేర్లు కొనమంటారు. చీటీ మీద రాసుకుంటాం. హైదరాబాద్ స్టాక్ ఎక్స్ఛేంజీలో దొరికే షేరైతే మా రింగు మనిషి అక్కడ నిలబడి కేకలు వేసి బేరం కుదుర్చుకుంటాడు. దొరకనిదైతే బొంబాయిలోని ఒక సభ్యుడి ద్వారా కొంటాం. సెటిల్‌మెంట్ గడువు, అంటే డబ్బూ పత్రాలూ చేతులు మారాల్సిన గడువు ముగిశాక అమ్మినవారి వైపు నుంచి పత్రాల కట్ట వస్తుంది. ప్రతి పత్రానికి పేరు మార్చమని కోరే ఒక ట్రాన్స్‌ఫర్ డీడ్. దాని మీద అమ్మినవారి సంతకం, సాక్షి సంతకం, బ్రోకర్ల ముద్రలు ఉండాలి. మేము కొన్నవారి సంతకం తీసుకుని, స్టాంపులు అతికించి, ఆబిడ్స్ జీపీవోలో రిజిస్టర్డ్ పోస్టు చేస్తాం. కంపెనీ అమ్మినవారి సంతకాన్ని తన దగ్గరున్న నమూనాతో పోల్చి చూస్తుంది. అన్నీ సరిపోతే రెండు మూడు నెలలకు కొత్త పేరుతో పత్రం తిరిగి వస్తుంది.

అన్నీ సరిపోవడమే కష్టం. సంతకం తేడా ఉందని వెనక్కి వచ్చేది. డీడ్ గడువు తీరిందని వచ్చేది. ఒక అంకె దిద్దినచోట అమ్మినవారు సంతకం పెట్టలేదని వచ్చేది. దీనినే బ్యాడ్ డెలివరీ అనేవాళ్లం. వెనక్కి వచ్చిన కట్టను ఏ చేతుల మీదుగా వచ్చిందో ఆ చేతుల మీదుగానే వెనక్కి పంపాలి: మా నుంచి బొంబాయి సభ్యుడికి, అతని నుంచి ఇంకొక సభ్యుడికి, అక్కడి నుంచి ఏ ఊరిలోనో ఉన్న అమ్మినవారికి. ఈలోగా డివిడెండు పాత పేరు మీదే వెళ్లిపోతుంది. దాని కోసం మళ్లీ ఉత్తరాలు.

ఒకసారి యాభై షేర్లు ఇలాగే మూడుసార్లు తిరిగి వచ్చాయి. అమ్మినాయన వయసు మీద పడి చేయి వణుకుతోంది. పదేళ్ల కిందటి నమూనా సంతకంతో ఇప్పటిది ఎంతకూ కలవడం లేదు. కొన్నాయన కాజీపేటలో రిటైరైన రైల్వే గార్డు. ఉదయం రైల్లో క్యారియర్ పట్టుకుని వచ్చి, సాయంత్రం దాకా బల్ల మీద కూర్చుని, "ఈ వారం వచ్చిందా అమ్మా?" అని మృదువుగా అడిగి వెళ్లేవారు. అయిదు నెలలయ్యాక పెద్దాయన లేచి ఆకుపచ్చ బీరువా తెరిచారు. అదే కంపెనీవి తన సొంత షేర్లు యాభై తీసి ఆయన చేతిలో పెట్టారు. "ఆ పత్రాల సంగతి నేను చూసుకుంటాను, మీకు రావలసినవి ఇవి" అన్నారు. ఆకుపచ్చ బీరువాలోంచి బూడిద దానిలోకి పోవచ్చు, అటునుంచి ఇటు మాత్రం రాకూడదు. మా సంస్థ నడిచిన సూత్రం ఇంతకన్నా ఏమీ లేదు.

తర్వాతి ఏడాదిలో కాజీపేట రైల్వే క్వార్టర్ల నుంచే నలభైమంది కొత్త ఖాతాదారులు వచ్చారు. ఒక్క ప్రకటనకూ పైసా ఖర్చు పెట్టలేదు. బ్రోకరేజీ, అంటే మా కమిషన్, వంద రూపాయలకు గరిష్ఠంగా రెండున్నర దాకా తీసుకునే వీలున్న కాలం అది. మేము ఒక రూపాయి తీసుకునేవాళ్లం. ఆ రూపాయితోనే ఆరుగురి జీతాలు, అద్దె, పోస్టేజీ గడిచేవి.

ఒక తప్పు దాచకుండా చెప్పాలి. 1994, 95 సంవత్సరాలలో కొత్త ఇష్యూల, అంటే కంపెనీలు జనానికి కొత్తగా షేర్లు అమ్మే ప్రకటనల వెల్లువ వచ్చింది. ఊరూపేరూ లేని కంపెనీల దరఖాస్తు ఫారాలు కట్టలు కట్టలుగా మా బల్లల మీదకు చేరేవి. మేమూ పంచాం, మేమూ కమిషన్ తీసుకున్నాం. ఆ కంపెనీలలో కొన్ని ఆ తర్వాత చిరునామాకు కూడా దొరకలేదు. నా చేతులతో ఫారం నింపి ఇచ్చిన ఒక స్కూలు టీచరమ్మ ముఖం నాకు ఇప్పటికీ గుర్తుంది. ఆమె మమ్మల్ని ఒక్క మాట కూడా అనలేదు.

జాతీయ స్టాక్ ఎక్స్ఛేంజీలో 1994 నవంబరులో కంప్యూటర్ తెరల మీద షేర్ల వ్యాపారం మొదలైంది. 1996లో మా డాబా మీద కూడా దానికి కలిపే డిష్ యాంటెన్నా లేచింది. మొదటిరోజు తెర మీద ధరలు మారుతుంటే అందరం నిలబడి చూశాం. బొంబాయిలో ధర ఎంతో తెలుసుకోవడానికి అంతకుముందు ఫోను కలిసేదాకా ఎదురుచూసేవాళ్లం. ఇప్పుడు బొంబాయిలో కూర్చున్నవాడికి, ఆబిడ్స్‌లో కూర్చున్న మాకు ఒకేసారి ఒకే ధర కనిపిస్తోంది. ఖాతాదారుకు చెప్పే ధరలో ఎవరైనా పావలా కలుపుకునే వీలు పోయింది. మా రింగు మనిషికి అప్పుడు నలభై ఎనిమిదేళ్లు. గొంతు, చేతి సైగలు, ఎదుటివాడి కళ్లలో బేరం చదవడం ఆయన విద్య. ఆరు నెలలు పట్టుదలగా కూర్చుని కీబోర్డు నేర్చుకున్నాడు. కానీ బజారు సద్దు వినపడకుండా కొనడం అమ్మడం తనకు చేతకావడం లేదని చివరిదాకా బాధపడేవాడు.

నా పనిని మార్చింది మాత్రం తెర కాదు, డీమ్యాట్, అంటే షేర్లను కాగితం పత్రాలుగా కాక కంప్యూటర్ ఖాతాలో అంకెలుగా ఉంచే పద్ధతి. 1996లో డిపాజిటరీల చట్టం వచ్చింది, అదే ఏడాది నవంబరులో ఆ ఖాతాలు ఉంచే ఎన్‌ఎస్‌డీఎల్ అనే సంస్థ మొదలైంది. 1999 నుంచి ఒక్కొక్క కంపెనీగా షేర్లను మామూలు మదుపరులు కూడా డీమ్యాట్‌లోనే అమ్మాలనే నిబంధన అమలులోకి వచ్చింది. అప్పుడు మేము డీమ్యాట్ పని కూడా చేపట్టాం. ఖాతాదారులను ఒప్పించడానికే రెండేళ్లు పట్టింది. "కాగితం చేతిలో లేకపోతే అది నాదని ఎట్లా చెప్పుకోవాలమ్మా?" అని అడిగేవారు. బ్యాంకులో మీ నోట్లు వేరుగా కట్టకట్టి పెట్టరు కదా, పాసుపుస్తకంలో అంకే కదా ఉండేది అంటే కొందరికి అర్థమయ్యేది. కొందరు తల ఊపి, పత్రాలు సంచిలో పెట్టుకుని ఇంటికి తీసుకుపోయేవారు.

ఒప్పుకున్నాక అసలు చిక్కు మొదలయ్యేది. అది మన తెలుగువాళ్ల పేర్ల చిక్కు. షేర్ పత్రం మీద ఇంటిపేరు పొడి అక్షరంగా ఉంటుంది. డీమ్యాట్ ఖాతాలో పూర్తిగా ఉంటుంది, ఒకచోట ముందు, ఇంకొకచోట వెనక. మూడు ముక్కల పేరును ఒక కంపెనీ కలిపి అచ్చువేస్తే ఇంకొక కంపెనీ విడదీసి వేసింది. ఆడవాళ్ల విషయం మరీ కష్టం. పెళ్లికి ముందు తండ్రి కొనిపెట్టిన షేర్ల మీద పుట్టింటి ఇంటిపేరు, ఖాతా మీద అత్తింటి ఇంటిపేరు. కంపెనీల తరఫున షేర్ల లెక్క చూసే రిజిస్ట్రార్ కార్యాలయాలు ఎక్కువగా బొంబాయి, మద్రాసు, కలకత్తాలలో ఉండేవి. ఇద్దరూ ఒకే మనిషి అని అక్కడివారిని నమ్మించడానికి నోటరీ అఫిడవిట్లు రాయించేదాన్ని. భార్యాభర్తల పేర్ల వరుస తారుమారైతే అది వేరే ఫారం. అలా కొన్ని వందల అఫిడవిట్లు రాయించి ఉంటాను. పని పూర్తయిన పత్రానికి రంధ్రాలు కొట్టి, డీమ్యాట్ కోసం అప్పగించినట్టు ముద్ర వేసి పంపించాలి. ఎన్నో నెలలు దేవుడి పటంలా కాపాడిన కాగితానికి నా చేతితోనే రంధ్రం కొట్టడం మొదట్లో చాలా కష్టంగా అనిపించింది.

బూడిద బీరువా అలా నెమ్మదిగా ఖాళీ అవుతూ వచ్చింది. కానీ అందులోని సొత్తు ఎక్కడికీ పోలేదు. అది కంప్యూటర్‌లోని పూల్ ఖాతాలోకి మారింది. మార్కెట్ నుంచి వచ్చిన షేర్లు ముందు బ్రోకర్ పూల్ ఖాతాలో పడతాయి, అక్కడి నుంచి బ్రోకర్ ఎవరివి వారికి పంపాలి. పైగా ఖాతాదారులు తమ ఖాతాలోని షేర్లను మేమే కదిపే అధికారపత్రం, పవర్ ఆఫ్ అటార్నీ, ఇచ్చేవారు. బీరువాకైతే తాళం ఉంది. దీనికి తాళం మా మనస్సాక్షే.

2001 మార్చిలో అది పరీక్షకు వచ్చింది. బొంబాయి బ్రోకర్ కేతన్ పరేఖ్ కుంభకోణంతో బజారు కూలినప్పుడు మా పెద్ద ఖాతాదారులు ఇద్దరు డబ్బు కట్టలేకపోయారు. ఎక్స్ఛేంజీకి పే-ఇన్, అంటే కొన్న షేర్ల డబ్బు, మర్నాడు ఉదయానికల్లా కట్టాలి. పెద్దాయన కుమారుడు అప్పుడే వ్యాపారంలోకి వచ్చాడు. సాయంత్రం ఏడింటికి నా బల్ల దగ్గరికి వచ్చి, "అక్కా, ఖాతాదారుల షేర్లు కొన్ని బ్యాంకులో తనఖా పెడితే రెండు రోజుల్లో విడిపించేద్దాం, చాలామంది అదే చేస్తున్నారు" అన్నాడు. అతని గొంతులో దురాశ లేదు, భయం ఉంది. నేను ఏమీ చెప్పలేక లోపలి గది వైపు చూశాను. పెద్దాయన విన్నారు. కోపపడలేదు. తెలిసినవాళ్లను తోడు తీసుకుని చిట్‌ఫండ్ కంపెనీ మేనేజరు ఇంటికి వెళ్లారు. అప్పటికే పాడి ఉన్న రెండు చీటీల డబ్బు అక్కడ రావలసి ఉంది. దానికి భార్య నగల మీద తెచ్చిన అప్పు కలిపి ఉదయానికల్లా కట్టేశారు. ఆ అప్పు తీరడానికి మూడేళ్లు పట్టింది. ఆ మూడేళ్లూ మా జీతాలు పెరగలేదు. ఎవరమూ మానేయలేదు.

ఆ జూలైలో బద్లా, అంటే బేరం చెల్లింపును తర్వాతి గడువుకు వాయిదా వేసుకునే పద్ధతి, రద్దయింది. ఏ రోజు బేరాలను ఆ రోజు లెక్కన తేల్చే రోలింగ్ సెటిల్‌మెంట్ వచ్చి, గడువు అయిదు రోజుల నుంచి మూడుకు, 2003 ఏప్రిల్ నాటికి రెండు రోజులకు దిగింది. వ్యాపారం శుభ్రపడింది, దానితో పాటు పెరిగింది. 2003 నుంచి 2007 వరకు మావి మంచి రోజులు. ఖమ్మం, నిజామాబాద్, గుంటూరులలో శాఖలు పెట్టాం. ఆరుగురు ఉద్యోగులం అరవై దాటాం. నేను డీమ్యాట్ విభాగానికి పెద్దనయ్యాను. అంత వేగంగా పెరగడం నాకు లోలోపల భయంగానే ఉండేది. మేడ మీది ఒక్క గదిలో ఉన్నప్పుడు పెద్దాయన మాట అందరికీ వినపడేది. మూడు ఊళ్ల అవతల కూర్చున్నవారికి వినపడదు. ఒక సబ్ బ్రోకర్ ఖాతాదారులను అడగకుండా వాళ్ల పేర్ల మీద కొని అమ్మాడు. తెలిసిన రోజునే అతన్ని తప్పించి, నష్టపోయిన ప్రతి ఒక్కరికీ మేమే కట్టాం. ఆ ఏడాది లాభమంతా దానికే పోయింది.

1943లో పుట్టిన హైదరాబాద్ స్టాక్ ఎక్స్ఛేంజీ 2007 ఆగస్టులో గుర్తింపు కోల్పోయింది. ఎక్స్ఛేంజీలో బ్రోకర్ల వాటా తగ్గించి బయటివారికి వాటా ఇవ్వాలన్న నిబంధన గడువులోగా నెరవేరలేదు. నిజానికి అప్పటికే అక్కడ లావాదేవీలు నామమాత్రంగా మిగిలాయి. మా రింగు మనిషి ఆ వార్త చదివి ఆ రోజు భోజనం చేయలేదు.

2009 జనవరి 7, బుధవారం. సత్యం కంప్యూటర్స్ ఛైర్మన్ రామలింగరాజు లెక్కలు తప్పుగా చూపించామని ఒప్పుకుంటూ రాసిన లేఖ ఉదయం బయటికి వచ్చింది. ముందురోజు 179 రూపాయల దగ్గర ముగిసిన షేరు ఆ సాయంత్రానికి నలభైకి దిగువకు వచ్చింది. వేరే ఊళ్లలో అది ఒక కంపెనీ పతనం. హైదరాబాద్‌లో ప్రతి వీధిలోనూ ఆ కంపెనీలో పనిచేసే పిల్లవాడో పిల్లో ఉన్నారు. అమ్మండి అని ఫోను చేసినవారిలో సగంమందికి కొడుకు ఉద్యోగం కూడా అక్కడే. మా ఆఫీసు అమ్మాయిలు ఏడుస్తూనే ఆర్డర్లు వేశారు. ఆ ఒక్కరోజు గురించి నేను ఎంత రాసినా తక్కువే.

ఆ మరుసటి ఏడాది, 2010 ఆగస్టు 15న, బెంగళూరులో నితిన్ కామత్, నిఖిల్ కామత్ అన్నదమ్ములు జెరోధా అనే బ్రోకర్ సంస్థ ప్రారంభించారు. జీరో అనే మాటకు, అడ్డంకి అనే అర్థమున్న సంస్కృత పదం రోధ చేర్చి ఆ పేరు పెట్టుకున్నారట. ఎంత పెద్ద బేరమైనా బ్రోకరేజీ ఆర్డరుకు ఇరవై రూపాయలు మించదన్నారు. మొదట్లో మేము పట్టించుకోలేదు. 2015 డిసెంబరులో డెలివరీ కొనుగోళ్లకు, అంటే అదే రోజు అమ్మేయకుండా ఖాతాలో ఉంచుకునే షేర్లకు, అసలు బ్రోకరేజీయే లేదన్నారు. అప్పుడు మాకు అర్థమైంది. మేము వందకు అర్ధరూపాయి తీసుకుంటున్నాం. రెండు లక్షలకు కొంటే మాకు వెయ్యి ఇవ్వాలి, అక్కడ సున్నా. పాత ఖాతాదారుల మనవళ్లు వచ్చి, "అత్తయ్యా, ఏమీ అనుకోకండి" అంటూ ఖాతా బదిలీ కాగితాలు అడిగేవారు. ఏమి అనుకోగలను? బయటి పెట్టుబడి తీసుకోకుండా, నేర్చుకోదలచినవారికి పాఠాలు ఉచితంగా పెట్టి, ధరను దాచకుండా చెప్పి పెరిగిన సంస్థ అది. మా పెద్దాయన బతికి ఉంటే మెచ్చుకునేవారు. ఆయన 2012లో పోయారు.

2018లో కుమారుడు అందరినీ కూర్చోబెట్టి, సొంత సభ్యత్వం వదిలేసి ఒక పెద్ద సంస్థకు ఆథరైజ్డ్ పర్సన్‌గా, అంటే దాని తరఫున పనిచేసే ఏజెంటుగా చేరదామని చెప్పాడు. టెర్మినళ్లు, ఆడిట్లు, సాఫ్ట్‌వేర్, డిపాజిట్లు మోసే శక్తి ఇక లేదు. బాధగా ఉన్నా అది నిజాయితీగల నిర్ణయం. ప్రతి ఖాతాదారుకు ఉత్తరం రాశాం, పత్రికలో ప్రకటన ఇచ్చాం, ఒక్కొక్క ఖాతాలో మిగిలిన పైసలతో సహా తిరిగి ఇచ్చాం. పదకొండు నెలలు పట్టింది. ఎవరూ మా మీద ఫిర్యాదు చేయలేదు. నా ఉద్యోగ జీవితంలో నేను గర్వపడేది దానికే.

2019 జూన్‌లో షేర్ మార్కెట్‌ను నియంత్రించే సెబీ ఒక సర్క్యులర్ ఇచ్చింది. ఖాతాదారుల షేర్లను బ్రోకర్లు తనఖా పెట్టకూడదంది. అదే ఏడాది నవంబరులో, ఖాతాదారుల షేర్లను వాడుకున్న మన నగరంలోని ఒక పెద్ద సంస్థ మీద ఆంక్షలు పడ్డాయి. 2020 సెప్టెంబరు నుంచి మార్జిన్ కోసం, అంటే బేరాలకు హామీగా, తనఖా పెట్టినా షేరు ఖాతాదారు డీమ్యాట్‌లోనే ఉంటోంది. 2023 జనవరి నుంచి కొన్న మర్నాటికే షేరు చేతికి వస్తోంది. ఇప్పుడు కొన్నది బ్రోకర్ పూల్‌లో ఆగకుండా నేరుగా ఖాతాదారు ఖాతాలోకి పోయే పద్ధతి కూడా వచ్చింది. బూడిద బీరువా తాళం చివరికి ఖాతాదారు చేతికే వెళ్లింది. ఇది ముందే జరిగి ఉంటే ఎన్ని ఇళ్లు నిలబడేవో అనిపిస్తుంది.

సభ్యత్వం అప్పగించే నాటికి ఆ బీరువాలో పద్నాలుగు కవర్లు మిగిలాయి. పోస్టులో పంపితే తిరిగి వచ్చినవి. పదమూడింటి వారసులు ఒక్కొక్కరే దొరికారు. చివరిది కాజీపేట గార్డు గారిది. ఒక సిమెంటు కంపెనీ వంద షేర్లు, ఆయన పేరు మీద నమోదై 1997లో వచ్చాయి. పంపితే 'ఇల్లు ఖాళీ చేసి వెళ్లారు' అన్న రాతతో కవరు తిరిగి వచ్చింది. తర్వాత ఆయన మళ్లీ రాలేదు. రైల్వే పింఛనుదారులను అడిగి, వాళ్లు చెప్పినచోట ఇంకొకరిని అడిగి, 2019 వేసవికి కుమార్తె బల్లార్షాలో ఉందని తెలుసుకున్నాను. తండ్రి 1998లోనే పోయారట. ఏడేళ్లు వరుసగా డివిడెండు తీసుకోనందున ఆ షేర్లు అప్పటికే ప్రభుత్వం నడిపే మదుపరుల రక్షణ నిధికి, అంటే ఐఈపీఎఫ్‌కు వెళ్లిపోయాయి. వాటిని రప్పించడానికి వారసత్వ ధ్రువపత్రం, ఇండెమ్నిటీ బాండు, ఐఈపీఎఫ్-5 ఫారం, వాటితో పాటు అసలు షేర్ పత్రం కావాలి. ఆ పత్రమే పోయి ఉంటే పోలీసు ఫిర్యాదు దగ్గర మొదలుపెట్టాల్సి వచ్చేది.

ఆమె ఒక ఆదివారం ఉదయం రైల్లో వచ్చింది. యాభై అయిదేళ్లుంటాయి. కవరు ఆమె ముందు పెట్టి, పాత రిజిస్టరు తెరిచాను. 1997 నాటి వరుస, నా చేతిరాత. చివరి గడి, 'తీసుకున్నవారి సంతకం', ఖాళీగా ఉంది. ఆమె కలం అడిగి తీసుకుని సంతకం చేసింది. చివరి అక్షరం తోకను కిందికి లాగి, ఎడమకు తిప్పి, చిన్న చుక్కతో ఆపింది. ఆ తోకను నేను ఎన్నో ట్రాన్స్‌ఫర్ డీడ్ల మీద చూశాను, నమూనాతో ఎన్నోసార్లు పోల్చి చూశాను. అది అచ్చంగా వాళ్ల నాన్నగారిదే.